ఆవుకు పెట్టిన మాత్రలు

పంకజవల్లి పూతలపట్టు సమితిలో గ్రామసేవికగా చేరిన రోజున ఆమె చేతిలో ఒక గొడుగు, ఒక టిఫిను క్యారియరు, జడలో తిరుచానూరు నుంచి తెచ్చుకున్న కనకాంబరాలు ఉన్నాయి. ఆ వాలకం చూసి, ఈమె నెల తిరక్కుండానే మూటాముల్లె సర్దుకుంటుందని ఆఫీసు బంట్రోతు దగ్గర్నుంచి బస్టాండులో టీ కొట్టువాడి దాకా అందరూ తేల్చేశారు. ఆమె ఆ ఊళ్ళోనే ఒక గది అద్దెకు తీసుకుని పందొమ్మిదేళ్ళు చుట్టుపక్కల పల్లెలన్నీ కాళ్ళరిగేలా తిరిగింది. టీ కొట్టువాడి పెళ్ళానికి కూడా చివరికి ఆమే ఆవు ఇప్పించింది.

తండ్రి రంగరాజు తిరుచానూరులో గుడి ఆఫీసు గుమాస్తా. మర్యాదస్తుడు, గట్టిగా ఒక మాట అనలేని మనిషి. కూతురు శనివారం ఇంటికి వచ్చినప్పుడల్లా తిరుపతిలో ఖాళీగా ఉన్న టైపిస్టు ఉద్యోగాల సంగతి ఎత్తేవాడు. "పేడలో, బురదలో పడి తిరగడం మన ఇళ్ళలో అలవాటు లేదు కదమ్మా" అనేవాడు. "కాళ్ళకంటిన బురదే కదా నాయనా, కడుక్కుంటే పోతుంది" అని ఆమె పప్పన్నంలో నెయ్యి వేసుకునేది. ఆయన మజ్జిగ గిన్నె అందించేవాడు.

ఆమెకు చురుకెక్కువ, ఓపిక తక్కువ. నడకలో గాలి, మాటలో పెట్రేగిన వేగం. ఎదుటివాళ్ళు కూడా అదే వేగంతో ఉండాలనుకునేది. ఆ గుణం వల్లనే ఒక పెద్ద తప్పు చేసింది, ఆ తప్పు వల్లనే ఒక మంచి పని కూడా చేసింది. ఈ కథ ఆ రెండింటిదీ.

ఎనభై రెండో సంవత్సరంలో పేద ఇళ్ళ ఆడవాళ్ళకు దూడతో సహా జెర్సీ ఆవునిచ్చే పథకం ఒకటి వచ్చింది. ఆవును మేపుకోవాలి, పాలకేంద్రంలో పాలు పోసుకుని బతకాలి. షరతు ఒక్కటే. తనిఖీలో ఆవు చిక్కిపోయిందని తేలితే వెనక్కి తీసుకుని జాబితాలో తర్వాతి పేరుకు ఇచ్చేస్తారు. మొదటి విడత పది ఆవుల్లో మూడు అలా వెనక్కి పోయాయి. ఎందుకు పోయాయో రాయమని పై నుంచి కాగితం వస్తే, పంకజవల్లి మూడు పేర్లకెదురుగా ఒకే మాట రాసింది: సోమరితనం. ఇరవై ఆరేళ్ళ పిల్ల, తనలా తెల్లవారుజామున లేచి పరుగెత్తనివాళ్ళంతా ఆమె కంటికి సోమరులే.

ఆ ముగ్గురిలో దేవకమ్మ ఒకతె. ఆవు పోయిన కొన్నాళ్ళకు ఆమెకు కడుపునొప్పి పట్టుకుంది. వెంట తీసుకుపోయేవాళ్ళు లేక, పంకజవల్లే తిరుపతిలో ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోయింది. అక్కడ ఆ గదికీ ఈ గదికీ తిప్పి, కడుపులో ఏమీ లేదని చెప్పి, ఆఖరికి మనోవ్యాధుల డాక్టరు సంపత్కుమార్ దగ్గరికి పంపారు. ఆయన పొట్టిగా, బట్టతలతో, నాలుగేళ్ళ పిల్లవాడు కూడా భయపడని మనిషి. దేవకమ్మను నిద్ర గురించి, తిండి గురించి, ఏడుపు గురించి నిమ్మళంగా అడిగాడు. ఆమె అన్నిటికీ తల దించుకుని జవాబిచ్చింది. మాత్రలు రాసి, పంకజవల్లితో అన్నాడు: "ఇది బద్ధకం కాదమ్మా, జబ్బు. కాలు విరిగినవాణ్ణి నడవమంటే ఎలా నడుస్తాడు?"

రెండు నెలలు గడిచాయి. ఒకనాడు పూతలపట్టు సంతలో దేవకమ్మ ఎదురుపడింది. తల దువ్వుకుని, బొట్టు పెట్టుకుని, వంకాయలు బేరమాడుతోంది. పంకజవల్లిని చూసి నవ్వుతూ దగ్గరికొచ్చి, "అమ్మా, నాకిప్పుడు బాగుండాది. ఇంగ పనిజేసుకోగలను. నా ఆవు యాడుండాదమ్మా?" అని అడిగింది.

ఆవు అప్పటికే వేరే ఊళ్ళో వేరే ఇంట్లో ఉంది. పంకజవల్లి ఆ రోజు గదికి వెళ్ళి అన్నం వండుకోకుండా కూర్చుంది. సోమరితనం అని తన చేత్తో రాసిన మాట గుండెలో ముల్లులా గుచ్చుకుంది. ఆవు ఇచ్చినప్పుడు మనిషికి లేచే శక్తి లేదు. మనిషి లేచేసరికి ఆవు లేదు. ఆవూ మందూ రెండూ ఒకే రోజు ఒకే ఇంటికి చేరాలి, లేకపోతే ఈ పథకానికి అర్థం లేదు అని ఆమె అప్పుడే తీర్మానించుకుంది. అలా చేయమని ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఏ ఉత్తర్వులోనూ లేదు.

సంపత్కుమార్ దగ్గర ఆయన అడిగే ప్రశ్నలు రాసుకొచ్చింది. ఊళ్ళలో అడిగి చూస్తే ఒక్కటీ పనిచేయలేదు. "మనసు ఎలా ఉంది?" అంటే ప్రతి ఆడమనిషీ "బాగుండాది" అనేది. అందుకని ఆమె ఆ ప్రశ్నలను పల్లె మాటల్లోకి మార్చుకుంది. సంగటిముద్ద రుచి తెలస్తాందా? కోడి కుయ్యకముందే మెలకువొచ్చి కూసుంటాండావా? పక్కింటామె పిలిస్తే పలకబుద్దవతాందా? తల దువ్వుకోని ఎన్ని దినాలయింది? ఈ ఆఖరి ప్రశ్నకు చాలామంది ఆడవాళ్ళు కళ్ళ నీళ్ళు పెట్టుకునేవాళ్ళు.

అలా రెండో విడతలో ఆమె ఏరి పట్టుకున్న వాళ్ళలో మిట్టకొత్తూరు సిద్ధమ్మ ఒకతె. భర్త గంగాధరం కూలికి పోతాడు, మంచివాడు, నోట్లో నాలుక లేనివాడు. సిద్ధమ్మ ఏడాదిగా గోడకానుకుని కూర్చుంటోంది. ఫలానా కారణమని చెప్పడానికి ఏమీ లేదు. ఇంట్లో చావు లేదు, తగువు లేదు. వంట చేస్తే చేసినట్టు, లేకపోతే లేదు. ఊళ్ళోవాళ్ళు గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టారు, కాణిపాకం తీసుకుపోయి మొక్కించారు. తర్వాత విసుగొచ్చి పిచ్చిదన్నారు. పిచ్చిదన్నాక ఇంక ఎవరూ ఏమీ చేయనక్కర్లేదు కదా.

పంకజవల్లి ఆమెను తిరుపతికి తీసుకుపోయి మాత్రలు ఇప్పించింది. అదే రోజు సాయంత్రం సమితి నుంచి వచ్చిన ఆవును ఆ ఇంటి ముందు కట్టేయించింది. ఇక ఉత్సాహం పట్టలేక ఒక్క గుక్కలో చెప్పేసింది: "ఇదిగో ఆవు, ఇవిగో మాత్రలు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఇవి పడితే ఆకలి పుడుతుంది, నిద్ర పడుతుంది, లేచి తిరగబుద్ధవుతుంది. మానకుండా వెయ్యాలి, సరేనా?" సిద్ధమ్మ తలూపింది. ఆవు కూడా తలూపింది, దాని మెడ మీద ఈగ వాలింది.

ఆ పల్లెలోనే తిరుమలమ్మ అనే ఆమెకు కూడా అదే మాత్ర నడుస్తోంది. ఆమెకు నెలకే మొహంలో కళ వచ్చింది. సిద్ధమ్మ మాత్రం ఆరు వారాలైనా అదే గోడ, అదే చూపు. డాక్టరు మోతాదు పెంచాడు. అయినా తేడా లేదు. ఇంతలో ఊరి ప్రెసిడెంటు దొరస్వామి కన్ను ఆ ఆవు మీద పడింది. తన తోడల్లుడి ఇంటికి అది బాగుంటుందని ఆయన ఉద్దేశం. పంకజవల్లి ఎదురైనప్పుడల్లా, "పిచ్చిదానికి జెర్సీ ఆవేందమ్మా? ఈ నెల్లోనే జిల్లా నుంచి తనిఖీకి వస్తాండారు. నేనే చెప్తా వాళ్ళకి" అని నవ్వేవాడు.

పంకజవల్లికి నిద్ర పట్టలేదు. దేవకమ్మ విషయంలో జరిగిందే మళ్ళీ జరగబోతోంది. ఈసారి ఆవు పోతే సిద్ధమ్మ ఇక లేవదని ఆమెకు గట్టిగా తెలుసు. అంతకుమించి, జబ్బు మనుషులకు ఆవులివ్వడం దండగని పైవాళ్ళు తేల్చేస్తే, మిగతా పల్లెల్లో గోడలకానుకుని కూర్చున్న ఆడవాళ్ళ మాటేమిటి?

మరుసటి బుధవారం సిద్ధమ్మనూ తిరుమలమ్మనూ తీసుకుని మళ్ళీ ఆసుపత్రికి పోయింది. తిరుమలమ్మ చేతిలో ఎప్పటిలాగే నీళ్ళ చెంబు. డాక్టరు దాన్ని చూసి నవ్వాడు. "నోరు ఎండిపోతోందా? ఈ మాత్ర మింగిన ప్రతివాళ్ళూ అదే అంటారు, ఏం పర్లేదు" అని, సిద్ధమ్మ వైపు తిరిగి, "నీకెట్లుందమ్మా నోరు?" అన్నాడు.

"బాగుండాది సారు" అంది సిద్ధమ్మ.

"కొంచెం కూడా ఎండిపోలేదా?"

"లేదు సారు."

డాక్టరు కలం మూత పెట్టాడు. అంత మోతాదులో నోరు ఎండిపోకపోవడమా అని తనలో తను గొణుక్కుంటూ పంకజవల్లి మొహం చూశాడు. పంకజవల్లికి అప్పుడే అర్థమైంది. సిద్ధమ్మ మాత్రలు మింగడం లేదు. మరి ప్రతిసారీ పొట్లం ఖాళీగానే వస్తోంది, అవన్నీ ఎక్కడికి పోతున్నట్టు?

మర్నాడు పాలు పితికే వేళకు ముందే ఆమె మిట్టకొత్తూరు చేరింది. అడగకుండా, పిలవకుండా, పెరటి దడి పక్కన నిలబడింది. సిద్ధమ్మ ఇంట్లోంచి వచ్చింది. చేతిలో చిన్న బెల్లం ముక్క. కొంగున ముడివేసిన పొట్లం విప్పి, మాత్ర తీసి, బెల్లంలో గుచ్చి, ఆవు నోరు తెరిచి లోపలికి తోసింది. తర్వాత అది మింగేదాకా గంగడోలు నిమురుతూ, పసిపిల్లను బుజ్జగించినట్టు ఏదో మాట్లాడింది.

పంకజవల్లి దడి దాటి వచ్చింది. కోపంతో ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "ఏంది సిద్ధమ్మా ఇది? ఆ మాత్రలు నీకు గదా ఇచ్చింది?"

సిద్ధమ్మ భయపడలేదు. ఇంత చిన్న సంగతి ఈమెకు తెలియదా అన్నట్టు చూసింది. "వచ్చిన వారానికే ఆవు మేత ముట్టకుండా నిలబడిపోయిందమ్మా. నువ్వే గదా చెప్పినావు, ఇవి పడితే ఆకిలి పుడ్తాది, లేసి తిరగతారని. నేను తింటే లేసేది నేనొక్కదాన్నే. ఆవు లేస్తే ఇల్లంతా లేస్తాది."

పంకజవల్లికి వచ్చిన కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. ముందు నవ్వొచ్చింది, నవ్వుతుండగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తప్పు ఎవరిది? ఆవునూ మాత్రలనూ ఒకే గుక్కలో చెప్పి, ఏది ఎవరికో విడమరిచి చెప్పకుండా బస్సుకు పరుగెత్తింది తనే. ఈ ఇంట్లో మంచిదేదైనా వస్తే అది ముందు భర్తకు, తర్వాత పశువుకు, మిగిలితే సిద్ధమ్మకు. మందు కూడా అదే వరసలో పోయింది.

కానీ ఇంకొక సంగతి కూడా ఆమెకు తట్టింది. సిద్ధమ్మ ఆరు వారాలుగా రోజూ పొద్దున్నే లేస్తోంది. ఏడాదిగా ఎవరు పిలిచినా లేవని మనిషి, ఒక్క నాడూ మానకుండా లేచి, బెల్లం కొట్టి, ఆవుకు మందు పెడుతోంది. మాత్ర లేకుండానే ఆ మాత్రం లేచిన మనిషి, మాత్ర పడితే ఎంత లేస్తుందో అనుకుంది పంకజవల్లి.

ఆ పూటే పోయి పశువుల డాక్టరు సుబ్రమణ్యాన్ని వెంటబెట్టుకొచ్చింది. ఆయన సంగతంతా విని పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇంత పెద్ద జీవానికి ఆ మాత్ర ఏ మూలకమ్మా? పచ్చిగడ్డి తిని పెరిగింది, వరిగడ్డి వేస్తే అలిగింది, అంతే. ఇప్పుడు అలవాటు పడింది" అన్నాడు. పంకజవల్లి మాత్రం పట్టు విడవలేదు. ఆవుకు కూడా ఏదో ఒక మందు ఇచ్చి తీరాల్సిందేనంది. ఆయనకు ఆమె ఉద్దేశం అర్థమై, ఆవుల దాణాలో కలిపే లవణాల పొడి ఒక పెద్ద పొట్లం కట్టించి సిద్ధమ్మ చేతికిచ్చాడు.

"ఇది ఆవు మందు" అంది పంకజవల్లి, ఈసారి నెమ్మదిగా, ఎదురుగా గొంతుక్కూర్చుని. "ఇది నీ మందు. ఆవుది నువ్వు తినగూడదు, నీది ఆవుకు పెట్టగూడదు. ఎవురి మందు వాళ్ళదే. దీనికి నువ్వు పెడతాండావు గదా, నీకెవురు పెట్టాల?"

సిద్ధమ్మ రెండు పొట్లాలనూ రెండు చేతుల్లోకి తీసుకుంది. తనకెవరైనా పెట్టాలన్న ఆలోచనే ఆమెకు కొత్త. "తిరుమలమ్మ పెడ్తే తింటా" అంది.

అప్పటినుంచి మిట్టకొత్తూరు పాలకేంద్రం దగ్గర ఒక కొత్త పద్ధతి మొదలైంది. రెండు పూటలా పాలు పోశాక తిరుమలమ్మ తన చెంబులో నీళ్ళతో సిద్ధమ్మ చేత మాత్ర మింగించేది, సిద్ధమ్మ తిరుమలమ్మ చేత మింగించేది. మొదట్లో చూసినవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. వారం తిరిగేసరికి ఎవరూ పట్టించుకోలేదు. పదోనాడు సిద్ధమ్మ, "థూ, నోరు బంకమట్టి మాదిరుండాది" అని తిరుమలమ్మ చెంబు లాక్కుని గడగడా తాగింది. ఆ మాట తెలిసి పంకజవల్లి పండగ చేసుకున్నంత పని చేసింది. ఆ శనివారం ఇంటికి వెళ్ళి తండ్రికి చెబితే, ఒక ఆడమనిషికి నోరు ఎండిపోతే ఇంత సంబరమేమిటో రంగరాజుకు ఒక పట్టాన అర్థం కాలేదు. అంతా విన్నాక మాత్రం కండువాతో కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. టైపిస్టు ఉద్యోగం మాట ఆ రోజు ఎత్తలేదు, తర్వాత కూడా ఎత్తలేదు.

అయినా ఆమె మందు మింగుతున్నది మూడు వారాలే. తనిఖీ నాటికి సిద్ధమ్మ తల దువ్వుకుంటోంది, గడ్డి కోసుకొస్తోంది, కానీ కొత్తవాళ్ళు మాట్లాడిస్తే ఇంకా గొంతు పెగిలేది కాదు. పంకజవల్లికి భయం పట్టుకుంది. ముందురోజు ఆమెను కూర్చోబెట్టి, "రేపు ఆఫీసరు అడిగితే మాత్రల సంగతి ఎత్తొద్దు. నేనే మాట్లాడతా. జబ్బని తెలిస్తే ఆవును లాక్కుంటారు" అని నూరిపోసింది. సిద్ధమ్మ వింటూనే ఆవుకు కుడితి కలిపింది.

సాయంత్రం పాల వేళకు జీపు వచ్చింది. జిల్లా నుంచి వచ్చిన అధికారి ఆవు చుట్టూ తిరిగాడు, పక్కలు తడిమాడు, దూడను చూశాడు. ఆవు నిగనిగలాడుతోంది. ఆయన కాగితం మీద ఏదో రాయబోతుంటే దొరస్వామి గొంతు సవరించుకున్నాడు. "సార్, ఊరి పెద్దగా చెప్పకుండా ఉండలేను. ఈమెకు మతి సరిగా లేదు. తిరుపతిలో పిచ్చి డాక్టరు దగ్గర మందు తింటాండాది. రేపు ఆవుకేమన్నా అయితే ఎవురిది పూచీ?"

చుట్టూ ఊళ్ళోవాళ్ళు మూగారు. గంగాధరం నేల చూపులు చూశాడు. అధికారి పంకజవల్లి వైపు తిరిగి, "నిజమేనా అమ్మా?" అన్నాడు.

"లేదు సార్" అంది పంకజవల్లి, ముందే సిద్ధం చేసుకున్న మాట. "ఆమెకు ఏ జబ్బూ..."

"ఉండాది సార్."

అందరూ వెనక్కి తిరిగారు. సిద్ధమ్మ పాలక్యాను కింద పెట్టి ముందుకొచ్చింది. కొంగు ముడి విప్పి పొట్లం తీసింది. "ఏడాది పొద్దు గోడకానుకోని కూసుండినాను సార్. దొరస్వామన్న చెప్పింది నిజమే. మందు తింటాండా. తింటాండా గాబట్టే లేసినా, లేసినా గాబట్టే ఆవు ఇట్లుండాది. జబ్బు నాది, ఆవూ నాదే. రెండిట్నీ నేనే సూసుకుంటాండా."

అధికారి ఆమెనూ ఆవునూ మార్చి మార్చి చూశాడు. దొరస్వామి ఇంకేదో అనబోతే, "ఆవు ఎలా ఉందో చూసి రాయమనే నన్ను పంపారు. బాగుంది, బాగుందనే రాస్తున్నాను" అని సంతకం పెట్టి కాగితం మడిచాడు. జీపు దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయింది. గంగాధరం భార్య పక్కకొచ్చి నిలబడ్డాడు, అంతమందిలో అలా నిలబడటం అతనికి అదే మొదలు.

పంకజవల్లి సిద్ధమ్మనే చూస్తోంది. తను ఇంత చదివీ, ఇన్ని ఊళ్ళు తిరిగీ, ఆ రోజు భయపడి అబద్ధమాడబోయింది. ఏడాది నోరు విప్పని సిద్ధమ్మ ఊరందరి ముందూ నిజం చెప్పి నిలబడింది. ఆమెను చూస్తుంటే పంకజవల్లికి కలిగిన గర్వం, తనను చూసుకుని ఎన్నడూ కలగలేదు.

"చెప్పొద్దంటిని గదా సిద్ధమ్మా, ఎందుకు చెప్పినావు?" అని దగ్గరికెళ్ళి అడిగింది.

సిద్ధమ్మ పాలక్యాను ఎత్తి చంకన పెట్టుకుంది. "దాసిపెట్టి మింగాల్సిన మందయితే మళ్ళా ఆవుకే పెడతానమ్మా" అంది. "నాదని చెప్పుకుంటేనే నాకు లోపలికి పోతాది. పా, కేంద్రం మూసేస్తారు, ఆడ తిరుమలమ్మ చెంబు పట్టుకోని కాసుకోనుంటాది."

అని విసవిసా నడిచిపోయింది. ఆమెతో సమంగా నడవడానికి పంకజవల్లి చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని తొందరపడాల్సి వచ్చింది.